పెన్నా ఇసుక: వరద తెచ్చేదెంత, పాతదెంత?

పెన్నాలో ఇసుక గొడవ మళ్లీ రాజుకుంది. ఇసుక తవ్వే రీచ్‌ల దగ్గర టిప్పర్ల వరసలు, రాత్రిళ్లు పొక్లెయిన్ల చప్పుడు, ఊళ్లలో ధర్నాలు, ఆఫీసుల్లో అర్జీలు. నెల్లూరు జిల్లాలో ఇవేవీ కొత్త కాదు. 2024 జూలైలో వచ్చిన ఉచిత ఇసుక విధానం, దానికి ముందున్న విధానం, ఎవరి హయాంలో ఎవరు బాగుపడ్డారన్న వాదన అందరికీ నోటికి వచ్చినవే కాబట్టి వాటిని వదిలేద్దాం.

తవ్వకాలను సమర్థించేవాళ్ల వాదన చిన్నది. ఏటికి వరద వస్తే ఇసుక దానంతటదే వస్తుంది, తియ్యకపోతే మేటలు వేసి వరద నీళ్లు ఊళ్ల మీద పడతాయి, ఇళ్లు కట్టుకునేవాళ్లకు ఇసుక కావాలి. ఇందులో మూడోది నిజమే. మొదటిది ఒకప్పుడు నిజం. ఆ 'ఒకప్పుడు' ఎక్కడ ముగిసిందో తెలిస్తే మిగతా గొడవంతా అర్థమవుతుంది.

అది పెన్నా మీద కట్టిన సోమశిల జలాశయం దగ్గర ముగిసింది.

అంతకుముందు పెన్నా మీద కట్టడాలు లేవని కాదు. 1855లో నెల్లూరు దగ్గర, 1880ల్లో సంగం దగ్గర ఆనకట్టలు కట్టారు. అవి ఎత్తు తక్కువవి. పెద్ద వరద వాటి మీదుగా దూకి పోయేది, దాంతోపాటు ఇసుక కూడా. 1970ల్లో మొదలై 1980ల చివరికి నీళ్లు నిలిపిన సోమశిల అలాంటిది కాదు. దాని సామర్థ్యం 78 టీఎంసీలు. చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, సగిలేరు, చెయ్యేరు అన్నీ పెన్నాలో కలిసేది దానికి ఎగువనే. అనంతపురం, కడప కొండల నుంచి కొట్టుకొచ్చే ముతక ఇసుక జలాశయంలోకి వచ్చేసరికి నీటి వేగం చచ్చిపోతుంది. ఇసుక అక్కడే, కడప వైపు అంచులోనే దిగబడిపోతుంది. గేట్ల నుంచి కిందికి దిగేది నీళ్లు, వాటిలో తేలే సన్న మట్టి. అదీ కొంతే.

తిరుపతికి, చెన్నైకి తాగునీళ్లు, డెల్టా ఆయకట్టుకు రెండో పంట, అన్నీ సోమశిల, దాని నీళ్లు చేరే కండలేరు జలాశయాల పుణ్యమే. దాన్ని ఎవరూ కాదనరు. కానీ నీళ్ల లెక్క టీఎంసీల్లో రాసుకున్నవాళ్లు ఇసుక లెక్క ఎక్కడా రాయలేదు. పక్కనున్న కృష్ణలో ఆ లెక్క కట్టారు. డెల్టాకు చేరే ఒండ్రు 1966-69 మధ్య ఏడాదికి 90 లక్షల టన్నులు ఉంటే, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. పెన్నా చిన్న నది, వర్షాధారం, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండే ఉంటుంది. దాని ఇసుక చాలావరకు ఈశాన్య రుతుపవనాల్లో, తుఫాన్లప్పుడు వచ్చే నాలుగు రోజుల వరదలోనే కదులుతుంది. ఆ నాలుగు రోజుల దారిలో పెద్ద జలాశయం అడ్డం పడితే ఏమవుతుందో ఊహించడానికి ఇంజినీరు కానక్కర్లేదు.

మరి నెల్లూరు, ఇందుకూరుపేట, విడవలూరు మండలాల్లో ఏటి అడుగున ఇవాళ కనిపిస్తున్న ఇసుక ఎప్పటిది? దీనికి జవాబు భూమిలోనే ఉంది. డెల్టాలో బోరు దించి పొరలు చెదరకుండా మట్టి దిమ్మను పైకి తీస్తారు. ముతక ఇసుక పొర ఉంటే అక్కడ ఒకప్పుడు జోరుగా ఏరు పారిందని. సన్న బంక ఉంటే నీళ్లు నిలిచాయని. నల్లటి బురదలో మడ చెట్ల పుప్పొడి దొరికితే అది ఉప్పుటేరు ఒడ్డు. ఫోరామినిఫెరా అనే సముద్రపు సూక్ష్మజీవుల కంటికి ఆనని గుల్లలు దొరికితే అక్కడ సముద్రపు నీళ్లు ఆడేవి. ఆకు, కట్టె, గుల్ల దొరికితే రేడియో కార్బన్‌తో వయసు కడతారు. ఉత్త ఇసుకైతే ఇంకో పద్ధతి ఉంది. పలుగురాయి (క్వార్ట్జ్) రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో దానిలో నిలవైన శక్తిని కొలిచి చెబుతారు.

ఇలా చూస్తేనే తూర్పు తీరం కథ తేలింది. సుమారు 6 వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం పెరగడం దాదాపు ఆగింది. అప్పటినుంచి నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రుతో తీరం తూర్పుకు జరుగుతూ వచ్చింది. నెల్లూరు తీరంలో సముద్రానికి సమాంతరంగా, లోపలికి వరసలు వరసలుగా కనిపించే ఇసుక దిబ్బలు ఆ పాత తీరరేఖలే. మెరక మీద ఊళ్లు, సరుగుడు తోటలు, రెండు దిబ్బల మధ్య పల్లంలో వరి. ఆ దిబ్బల్లోని ఇసుకకు వందలు, వేల ఏళ్ల వయసు. ఏటి అడుగున లోతుగా ఉన్న ఇసుకదీ అదే కథ. నిరుడు వచ్చినది పైన ఒక పలుచని పొర. ఎన్నో వందల వరదలు పేర్చింది దాని కింద ఉంది. పొక్లెయిన్ తొట్టెకు ఈ రెండింటి తేడా తెలియదు.

డెల్టా రైతుకు ఆ కింది పొరతోనే పని. ఫిల్టర్ పాయింట్లకు, అంటే తక్కువ లోతు గొట్టపు బావులకు, నీళ్లిచ్చేది అదే. వాన నీటిని పీల్చుకుని, ఆ నీటి బరువుతో ఉప్పునీటిని సముద్రం వైపు నెట్టి ఉంచేదీ అదే. ఏటి మట్టం దిగితే భూగర్భ జలం ఏటిలోకి జారిపోతుంది, ఆటు పోట్లు ఇంకాస్త ఎగువకు ఎక్కుతాయి, చవుడు పైకొస్తుంది. రొయ్యల గుంతలు చెడగొట్టినది చాలక ఇదొకటి. పొర్లుకట్టల కింద మట్టి కోసుకుపోతే వరదలో మొదట మునిగేదీ ఆ రైతులే.

2021 వరద సంగతి చూద్దాం, ఎందుకంటే తవ్వేవాళ్లు చూపించే సాక్ష్యం అదే. నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగింది. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు మార్గం, జాతీయ రహదారి తెగాయి. పొలాల్లో అడుగుల మందాన ఇసుక మేటలు పడ్డాయి. ఇసుక వచ్చింది కదా అంటే వచ్చింది. ఎక్కడినుంచి? జలాశయంలో ఇసుక దింపుకుని ఖాళీగా దూకిన నీరు దిగువన అడుగును, ఒడ్డును కోసి తనకు కావలసింది తీసుకుంటుంది. ఆత్మకూరు వైపు నుంచి బొగ్గేరు, బీరాపేరు తెచ్చింది కొంత. మిగతాది చాలావరకు దిగువ పెన్నా సొంత ఇసుకే, ఒక చోట నుంచి లేచి ఇంకో చోట పడింది. పొలంలో మేట వేసిందంటే ఏట్లో అంత తగ్గిందని. దాన్ని కొత్త ఆదాయంగా రాసుకుంటున్నారు.

చట్టం ఈ తేడాను గుర్తించింది, ఆలస్యంగానైనా. రాష్ట్ర వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) నిబంధనలు ఇసుక మందాన్ని బట్టి తవ్వే లోతు ఉండాలంటాయి. వంతెనలు, తాగునీటి బావుల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు తవ్వకూడదంటాయి. కేంద్ర పర్యావరణ శాఖ 2020 మార్గదర్శకాలు ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతుందో కొలవమన్నాయి. తవ్వకాల అనుమతికి ఆధారమైన జిల్లా సర్వే నివేదిక ఆ కొలత లేకపోతే చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అధికారులు సర్వే ఉందంటారు. ఊళ్లవాళ్లు చూపించమంటారు.

2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు వచ్చాక లెక్క ఇంకా మారింది. బ్యారేజీల వెనక నీళ్లు నిలిచే చోట పూడికతీత పేరుతో అనుమతులు అడగొచ్చు. నెల్లూరు నుంచి ఊటుకూరు ముఖద్వారం దాకా ఉన్న కింది భాగానికి మాత్రం పైనుంచి ఇసుక రావడానికి సోమశిలతో కలిపి ఇప్పుడు మూడు అడ్డంకులు. వానల ముందు ఒకసారి, వరద తీశాక ఒకసారి ఏటి అడుగు మట్టం కొలిచి, ఆ రెండు అంకెలను పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయమన్నది ఆ భాగంలోని రైతుల అర్జీ.