కలకత్తాకు ఫుట్‌బాల్ ట్రిప్: అపోహలు, అసలు సంగతులు

వైజాగ్ నుంచి కలకత్తా సుమారు 880 కిలోమీటర్లు. రాత్రి ఎక్కితే మర్నాడు దిగిపోవచ్చు. అందుకే డ్యూరాండ్ కప్ రోజుల్లో మా ట్రావెల్స్‌కు వచ్చే కుర్రాళ్లు దీన్ని అరకు పిక్నిక్‌లా తీసుకుంటారు. 1888లో సిమ్లాలో మొదలైన ఈ టోర్నీకి 2019 నుంచి కలకత్తానే ప్రధాన కేంద్రం. 2024, 2025లలో జులై, ఆగస్టుల్లో జరిగింది. బుకింగ్ కౌంటర్ దగ్గర నాకు మళ్లీ మళ్లీ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: "షెడ్యూల్ రానీ అన్నా, అప్పుడు తీద్దాం టికెట్లు."

అప్పటికి బెర్తులు ఉండవు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. మ్యాచ్ తేదీలేమో చాలాసార్లు టోర్నీకి కొద్ది వారాల ముందు గానీ బయటికి రావు. నాకౌట్ల సంగతి మరీ కష్టం. 2025లో కలకత్తా జట్లయిన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ క్వార్టర్ ఫైనల్లోనే తలపడ్డాయి. ఆ సంగతి తేలింది గ్రూపు మ్యాచ్‌లు అయ్యాకే. మ్యాచ్ ఆగస్టు 17, ఆదివారం. దానికి ముందు శుక్రవారం స్వాతంత్ర్య దినోత్సవం, శనివారం కృష్ణాష్టమి. అలాంటి సెలవుల్లో చివరి నిమిషంలో బెర్తు అడిగితే నేనేం చేయగలను?

టీమును నమ్ముకుని బుక్ చేయకండి, వారాంతాన్ని చూసి చేయండి. సెమీస్, ఫైనల్ పడేలా ఉన్న వారాలకు రానూపోనూ టికెట్లు తీసి పెట్టుకోండి. అక్కర్లేదని తేలిన రోజే రద్దు చేసేయండి. ఎంత ముందు రద్దు చేస్తే కోత అంత తక్కువ. వెయిటింగ్ లిస్టుతో స్లీపర్ ఎక్కేసి టీటీఈతో మాట్లాడుకుందాం అనే ఆలోచన మాత్రం వద్దు.

అపోహ: "మీరు ఏజెంట్లు కదా, తత్కాల్‌లో ఎలాగోలా తీసేస్తారు."

నిజానికి తత్కాల్‌లో మా కంటే మీకే అవకాశం ఎక్కువ. 2025 జులై నుంచి, తత్కాల్ తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లు బుక్ చేయకూడదు. అంటే ఏసీకి ఉదయం 10 నుంచి 10.30 వరకు, నాన్ ఏసీకి 11 నుంచి 11.30 వరకు మేం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. మీ సొంత ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ చేసుకుని ఉంచుకోండి. అది కూడా ముందు రోజు రాత్రి మొదలుపెట్టే పని కాదు. మాకు కమీషన్ పోయినా సరే, ఇది చెప్పి తీరాలి.

అపోహ: "మ్యాచ్ ప్రకటించారంటే ఇక జరిగినట్టే. అన్నీ కలకత్తాలోనే కదా."

రెండూ తప్పే. 2025లో మ్యాచ్‌లు కలకత్తాతో పాటు జంషెడ్‌పూర్, షిల్లాంగ్, ఇంఫాల్, కోక్రాఝార్‌లలో కూడా జరిగాయి. 2024 ఆగస్టు 18న కలకత్తాలోని సాల్ట్ లేక్ స్టేడియంలో జరగాల్సిన డెర్బీని, అంటే ఈ రెండు జట్ల మధ్య మ్యాచ్‌ను, ముందు రోజు రద్దు చేశారు. నగరంలో ఆందోళనలు నడుస్తున్నాయి, బందోబస్తుకు పోలీసులు చాలరన్నారు. ఆ తర్వాత మోహన్ బగాన్ క్వార్టర్ ఫైనల్ జంషెడ్‌పూర్‌లో, ఈస్ట్ బెంగాల్‌ది షిల్లాంగ్‌లో పెట్టారు. మోహన్ బగాన్ ఆడిన సెమీస్, ఫైనల్ మళ్లీ కలకత్తాకు వచ్చాయి. మ్యాచ్ టికెట్ డబ్బు తిరిగొచ్చినా రైలు, గది ఖర్చు మనదే. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది నాలుగు వందలు ఎక్కువైనా అదే తీసుకోమంటాను. ఒక్క మ్యాచ్ కోసం కాకుండా, రెండు మ్యాచ్‌లు పడే మూడు రోజులకు వెళ్తే ఒకటి పోయినా మరొకటి మిగులుతుంది.

కలకత్తాలో కూడా మైదానం ఒక్కటే కాదు. కొన్ని మ్యాచ్‌లు దక్షిణాన సంతోష్‌పూర్ వైపున్న కిశోర్ భారతిలో పెడతారు. ఆ మ్యాచ్‌కు టికెట్ తీసుకుని సాల్ట్ లేక్‌లో గది తీసుకుంటే ఆటో, క్యాబులకే సగం జేబు ఖాళీ.

అపోహ: "ఏ రైలైతే ఏంటి, అన్నీ హౌరాకే."

ఫలక్‌నుమా హౌరాకు వెళ్తుంది. కోరమాండల్ ఇప్పుడు షాలిమార్ దగ్గర ఆగిపోతుంది. ఈ తేడా 2025 ఆగస్టు 22 నుంచి ఇంకా పెద్దదైంది. ఆ రోజు ఎస్ప్లనేడ్, సియాల్దా మధ్య ముక్క కూడా తెరవడంతో గ్రీన్ లైన్ మెట్రో పూర్తయింది. హౌరా స్టేషన్‌లో దిగి మెట్రో ఎక్కితే హుగ్లీ నది కిందుగా వెళ్లి నేరుగా సాల్ట్ లేక్ స్టేడియం స్టేషన్‌లో దిగొచ్చు. షాలిమార్‌లో మెట్రో లేదు, సామాన్లతో రోడ్డు మీద ట్యాక్సీ బేరం ఆడాలి. బుక్ చేసేటప్పుడు దిగే స్టేషన్ పేరు చూడండి.

అపోహ: "ఖరగ్‌పూర్‌లో మా మావయ్య ఉన్నాడు, అక్కడుండి వెళ్లొస్తాం."

ఉత్తరాంధ్రలో సగం ఇళ్లకు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో చుట్టాలుంటారు, నాకూ ఉన్నారు. కానీ హౌరా నుంచి అది దాదాపు 115 కిలోమీటర్లు, లోకల్‌లో రెండు గంటల పైనే. రాత్రి మ్యాచ్ ముగిసి, వేల మంది మధ్య బయటపడి, మెట్రో పట్టుకుని హౌరా చేరేసరికి ఆఖరి లోకల్ ఉంటుందో లేదో టెన్షన్. మ్యాచ్ రాత్రి నగరంలోనే పడుకోండి, మావయ్య ఇంటికి మర్నాడు భోజనానికి వెళ్లండి.

తిండి గురించి అడగనే వద్దు. అన్నం, చేపలు తినే ఊరది, మనకు బెంగ లేదు.

అపోహ: "ఏ రంగు చొక్కా వేసుకుంటే ఏముంది?"

డెర్బీ రోజు ఏముందో గేటు దగ్గరే తెలుస్తుంది. ఎరుపు, పసుపు ఈస్ట్ బెంగాల్‌వి. ఆకుపచ్చ, మెరూన్ మోహన్ బగాన్‌వి. ఇరుపక్షాల అభిమానులకూ స్టాండ్లు వేరు, గేట్లు వేరు. మీ టికెట్ ఏ వైపుదో చూసుకున్నాకే జెర్సీ కొనండి. ఎవరి పక్షమూ కాకపోతే తెల్ల చొక్కా మేలు. ఆన్‌లైన్‌లో కొన్నా కొన్ని మ్యాచ్‌లకు కౌంటర్‌లో కాగితం టికెట్ తీసుకోవాలి, ఆ క్యూకు ఒక పూట పక్కన పెట్టండి. బ్యాగులు, నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు చాలా మ్యాచ్‌లకు లోపలికి పోనివ్వరు. అవి గదిలో వదిలేసి, ఆగస్టు వాన కోసం మడతపెట్టి జేబులో పెట్టుకునే రెయిన్‌కోటు ఒకటి తీసుకెళ్లండి. గొడుగు గేటు దాటనివ్వకపోవచ్చు.