లినక్స్ డెస్క్‌టాప్‌లు: పాత మాటలు, ఇప్పటి నిజాలు

లినక్స్‌లో ఏ డెస్క్‌టాప్ (మెనూ, ప్యానెల్, విండోలు అన్నీ చూపించే పైపొర) మంచిదని అడిగితే పదిమంది పది జవాబులు చెబుతారు. అందులో తప్పేమీ లేదు. ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో లినక్స్ వేసి, తర్వాత వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం నా పని. ఎవరి ఇష్టంతోనూ నాకు పేచీ లేదు. కానీ ఆ ఇష్టానికి చెప్పే కారణాలు వింటే చాలావాటికి ఎప్పుడో కాలం చెల్లిందని తెలుస్తుంది. ఒకప్పుడు అవి నిజాలే. ఏ ఏడాది వరకు నిజమో చూడకుండా ఇప్పటికీ చెప్పుకుంటున్నాం, కొత్తగా వచ్చేవాళ్లను అదే మాటతో పక్కదారి పట్టిస్తున్నాం.

అపోహ: కేడీఈ బరువు. పాత సిస్టమ్‌లో వేస్తే హ్యాంగ్ అయిపోతుంది.

లినక్స్‌లో ఎక్కువమంది వాడే డెస్క్‌టాప్‌లలో కేడీఈ ఒకటి, గ్నోమ్ మరొకటి. ఈ మాట 2008 జనవరిలో వచ్చిన కేడీఈ 4.0 నాటిది. అది పూర్తిగా కుదురుకోకముందే చాలా డిస్ట్రోలు (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ కూర్పులు) జనం చేతికి ఇచ్చేశాయి. దానికి తోడు ఫైళ్లన్నిటినీ వెతికి సూచీ తయారుచేసే నెపోముక్ అనే భాగం హార్డ్ డిస్క్‌ను ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. 2014లో దాని స్థానంలో బలూ వచ్చింది. అదే ఏడాది ప్లాస్మా 5 (కేడీఈ డెస్క్‌టాప్ పేరే ప్లాస్మా), 2024 ఫిబ్రవరిలో ప్లాస్మా 6 వచ్చాయి. లాగిన్ అయ్యాక ఏమీ తెరవకుండా కొలిస్తే ఇప్పటి ప్లాస్మా చాలా డిస్ట్రోలలో గ్నోమ్ తీసుకునేంతే, లేదా అంతకంటే తక్కువ మెమరీ తీసుకుంటుంది.

కొలవడంలోనే చాలామంది పొరపడుతున్నారు. టెర్మినల్‌లో ఫ్రీ కమాండ్ ఇచ్చి, 'యూజ్డ్' కింద ఉన్న అంకె చూసి టెన్షన్ పడతారు. మరికొందరు 'ఫ్రీ' కింద తక్కువ కనిపించిందని బెంబేలెత్తుతారు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను లినక్స్ ఊరికే వదలదు, ఇంతకుముందు చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది. ఏదైనా ప్రోగ్రామ్‌కు అవసరమైతే ఆ చోటును వెంటనే ఇచ్చేస్తుంది. అందుకే చూడాల్సింది 'అవైలబుల్' అనే గడి.

4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో అసలు ఖర్చు బ్రౌజర్‌ది. డెస్క్‌టాప్ మార్చి మిగిల్చిన మెమరీని నాలుగు ట్యాబులు తినేస్తాయి. అలాంటి సిస్టమ్ నా దగ్గరికి వస్తే ముందు తిరిగే హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తాను, ఆ తర్వాతే డెస్క్‌టాప్ సంగతి. 2 జీబీ మాత్రమే ఉంటే లెక్క మారుతుంది. అక్కడ ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ లాంటి తేలికైన డెస్క్‌టాప్‌లే దిక్కు, వాటి తేడా కంటికి కనిపిస్తుంది.

అపోహ: డెస్క్‌టాప్ మార్చాలంటే డిస్ట్రో మార్చాలి.

అవసరం లేదు. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే గ్నోమ్, ప్లాస్మా, సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అంటూ జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది. ఉబుంటు వాడుతున్నవారు ప్లాస్మా ప్యాకేజీలు వేసుకుని, లాగిన్ తెరపై సెషన్ ఎంచుకుంటే చాలు. కాకపోతే ఒకే యూజర్ ఖాతాలో రెండు డెస్క్‌టాప్‌లు మార్చి మార్చి వాడకండి. థీమ్‌లు, ఐకాన్లు, ఏ ఫైల్ ఏ ప్రోగ్రామ్‌లో తెరుచుకోవాలన్న సెట్టింగులు కలగాపులగం అవుతాయి. పరీక్షించడానికి వేరే యూజర్‌ను తయారుచేసుకుని, అందులో కనీసం రెండు వారాలు మీ రోజువారీ పనే చేయండి. పెన్‌డ్రైవ్ నుంచి ఓ గంట నడిపి చూస్తే అందం తెలుస్తుంది. ఆ డెస్క్‌టాప్ మీ చేతికి ఒదుగుతుందో లేదో తెలియదు. ఏళ్ల తరబడి వండినవారికి పోపుల పెట్టె ఎక్కడుందో చెయ్యే చెప్పినట్టు, విండోలు మార్చడం, ఫైల్ వెతకడం చూడకుండా జరిగిపోవాలి. నా దృష్టిలో ఇష్టం అంటే ప్రధానంగా అదే.

అపోహ: గ్నోమ్‌లో ఏదీ మార్చుకోలేం. లేదా, ఎక్స్‌టెన్షన్లు (విడిగా వేసుకునే చిన్న చేర్పులు) వేస్తే ఏదైనా మార్చుకోవచ్చు.

రెండూ చెబుతారు, రెండూ సగం నిజాలే. 2011 ఏప్రిల్‌లో వచ్చిన గ్నోమ్ 3 కింది ప్యానెల్ తీసేసింది, మినిమైజ్ బటన్ కూడా తీసేసింది. చాలామందికి అది దెబ్బ. పాత గ్నోమ్ 2ను వదలలేనివారు దాని కోడ్ నుంచే మాటేను తయారుచేసుకున్నారు. లినక్స్ మింట్ అనే డిస్ట్రో బృందం సినమన్ అనే డెస్క్‌టాప్‌కు దారి వేసుకుంది. గ్నోమ్ తన దారి మార్చుకోలేదు. తక్కువ వస్తువులు, తక్కువ సెట్టింగులు, పనంతా కీబోర్డుతో, ఓవర్‌వ్యూ అనే, తెరిచిన విండోలన్నీ ఒకేసారి చూపే తెరతో జరగాలన్నది దాని పద్ధతి. ఆ పద్ధతికి అలవాటుపడినవాళ్లు ఇంకోవైపు చూడరు, వారిని నేను అర్థం చేసుకోగలను.

ఎక్స్‌టెన్షన్లతో చాలా మార్చవచ్చు, కానీ వాటికి స్థిరమైన హామీ లేదు. గ్నోమ్ ఆరు నెలలకోసారి, మార్చిలో, సెప్టెంబరులో వస్తుంది. వచ్చినప్పుడల్లా ఎక్స్‌టెన్షన్ రాసినవారు కొత్త వెర్షన్‌కు సరిచూడాలి. 2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45లో జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లు లోడయ్యే విధానమే మారింది. అప్పుడు ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ తిరగరాయాల్సి వచ్చింది, రాయనివి ఆగిపోయాయి. కాబట్టి ఎక్స్‌టెన్షన్లపై ఆధారపడేవారు ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి మద్దతు ఉండే వెర్షన్) లాంటి నిదానమైన విడుదలలో ఉండండి. గ్నోమ్‌ను మీకు నచ్చేలా చేయడానికి నాలుగైదు ఎక్స్‌టెన్షన్లు తప్పనిసరి అవుతున్నాయంటే, మీకు కావాల్సింది గ్నోమ్ కాదు. ప్లాస్మాలో అవన్నీ సెట్టింగుల్లోనే ఉన్నాయి.

అపోహ: నిపుణులు డెస్క్‌టాప్‌లు వాడరు, టైలింగ్ విండో మేనేజర్లే వాడతారు.

ఐ3, స్వే లాంటి ఈ టైలింగ్ మేనేజర్లు తెరను విండోల మధ్య పలకల్లా పంచుతాయి, మంచి పనిముట్లే. కానీ లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌ను రాసిన లినస్ టోర్వాల్డ్స్ సంగతే చూడండి. 2005లో కేడీఈ వాడమన్నారు. కేడీఈ 4.0 నచ్చక గ్నోమ్‌కు మారారు. గ్నోమ్ 3 నచ్చక ఎక్స్‌ఎఫ్‌సీఈకి వెళ్లారు. ఆ తర్వాత మళ్లీ గ్నోమ్‌కే వచ్చారు. కెర్నెల్ రాసిన మనిషికే పనికి అడ్డురాని డెస్క్‌టాప్ కావాల్సి వచ్చింది.

అపోహ: విండోస్ నుంచి వచ్చేవారికి విండోస్‌లా కనిపించేది ఇస్తే చాలు.

నాకు ఎక్కువ కష్టం తెచ్చిపెట్టిన నమ్మకం ఇది. సినమన్, ప్లాస్మా రెండింటిలోనూ కింద ప్యానెల్, ఎడమవైపు మెనూ ఉంటాయి. మొదటి రోజు అది నిజంగా సాయం చేస్తుంది, కాదనను. కానీ ఫోన్లు వచ్చేది మెనూ గురించి కాదు. ప్రింటర్ పనిచేయడం లేదని, వర్డ్ ఫైల్‌లో పట్టిక చెదిరిందని, డిజిటల్ సంతకం డాంగిల్‌ను బ్రౌజర్ గుర్తించడం లేదని చేస్తారు.

మన డీటీపీ సెంటర్లలో, చిన్న ప్రెస్సుల్లో ఇది ఇంకా స్పష్టం. అక్కడ పాత పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంటుంది. అవి యూనికోడ్ కాని ఫాంట్లు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, వింత గుర్తులు కనిపిస్తాయి. డెస్క్‌టాప్‌ను ఎంత విండోస్‌లా ముస్తాబు చేసినా అది తీరదు. ముందు ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఏర్పాటు ఉండాలి, లేదా ఒక విండోస్ సిస్టమ్‌ను ఆ పనికి అట్టిపెట్టాలి. ఆ సంగతి తేలకుండా నేనిప్పుడు ఏ ప్రెస్సులోనూ లినక్స్ వేయను.

అపోహ: ఫలానా డెస్క్‌టాప్‌లోనే తెలుగు సరిగ్గా వస్తుంది.

అక్షరాలు కూర్చి ఒత్తులు పెట్టే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. గ్నోమ్ వాడే జీటీకే, కేడీఈ వాడే క్యూటీ రెండూ దాన్నే వాడతాయి. కాబట్టి తెలుగు విడిపోయి కనిపిస్తే ముందు ఫాంట్‌ను అనుమానించండి. నోటో తెలుగు, లోహిత్, మండలి లాంటివి వేసి చూడండి.

నిజమైన తేడా టైపింగ్‌లో ఉంది. గ్నోమ్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనం ముందే కలిసి ఉంటుంది, కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే సరిపోతుంది. ప్లాస్మాలో వేలాండ్ (తెరపై విండోలను చూపించే కొత్త విధానం, పాతది ఎక్స్11) సెషన్ వాడుతుంటే, ఎఫ్‌సీఐటీఎక్స్ 5 అనే మరో టైపింగ్ సాధనం వేసుకుని 'వర్చువల్ కీబోర్డ్' అనే చోట దాన్ని ఎంచుకోవాలి. ఆ పేరు చూసి అది తెరమీద కనిపించే కీబోర్డేమో అనుకుని చాలామంది వదిలేస్తారు. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డ్ వచ్చినవారికైతే ఈ తంటా ఏదీ లేదు. మామూలు కీబోర్డ్ లేఅవుట్ల జాబితాలోనే తెలుగు ఉంది.

అపోహ: వేలాండ్‌లో మీటింగుల్లో స్క్రీన్ షేర్ కాదు.

ఫెడోరా 25 వేలాండ్‌ను 2016లో ముందుకు తెచ్చినప్పుడు ఆ ఇబ్బంది ఉండేది. ఇప్పుడు పైప్‌వైర్, పోర్టల్ అనే రెండు భాగాలు కలిసి ఆ పని చేస్తున్నాయి. 2025లో వచ్చిన గ్నోమ్ 49 పాత ఎక్స్11 సెషన్‌ను మొదటి నుంచే ఆపేసి ఇచ్చింది. ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20లో వేలాండ్ ఇంకా ప్రయోగ దశే.

అపోహ: ఇదంతా రుచికి సంబంధించిన విషయం, ఎవరికి ఏది ఇచ్చినా ఒకటే.

చూపు లేనివారికి ఒకటే కాదు. తెరను చదివి వినిపించే ఓర్కా ఎక్కువకాలంగా కుదురుగా పనిచేస్తున్నది గ్నోమ్, మాటేలలో. తెలుగు చదవడానికి ఈస్పీక్ ఎన్‌జీ గొంతు ఉంది, యంత్రం గొంతే అయినా అర్థమవుతుంది. అలాంటివారికి వేరే డెస్క్‌టాప్ అంటగట్టే ముందు పక్కన కూర్చుని మెయిల్ తెరవడం, ఫైల్ సేవ్ చేయడం వారిచేతే చేయించి చూడాలి. కళ్లజోడు పెట్టుకునే పెద్దవాళ్లకు చిన్న తెర, ఎక్కువ రిజల్యూషన్ ఉన్న ల్యాప్‌టాప్ ఇస్తే 125 శాతం, 150 శాతం స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు పెద్దవి చేసి చూపడం) కావాలి. అది ప్లాస్మాలో చక్కగా ఉంటుంది, ఎక్స్‌ఎఫ్‌సీఈలో సరిగ్గా రాదు. నా సొంత ల్యాప్‌టాప్‌లో ప్లాస్మా ఉండటానికి మొదటి కారణం అదే. ల్యాబుల్లో మాత్రం ఎక్స్‌ఎఫ్‌సీఈనే వేస్తాను. ఏళ్లు గడిచినా మెనూ ఉన్నచోటే ఉంటుంది, ఏటా మారే పిల్లలకు లెక్చరర్ ఒకే పాఠం చెప్పుకోవచ్చు.