జాబితా పట్టుకుని వచ్చినవాళ్లు

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో స్థిరపడ్డ తెలుగువాళ్లను అక్కడికే ఎందుకు వచ్చారని అడిగితే మొదట చెప్పేది స్కూళ్ల గురించే. ఇల్లు కొనే ముందు అది ఏ హైస్కూల్ పరిధిలోకి వస్తుందో చూసుకుంటారు. 2022 జనవరిలో ఆ స్కూళ్ల లైబ్రరీల నుంచి 8 పుస్తకాలను తీసేశారు. వాటిలో అసభ్యమైన లైంగిక వర్ణనలు ఉన్నాయన్నది అధికారులు చెప్పిన కారణం. పిల్లల మార్కులు, ఎస్‌ఏటీ స్కోర్లు కంఠతా వచ్చిన చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియనే తెలియదు. ఈ గొడవ ఎక్కడ మొదలైందో, ఎన్ని మలుపులు తిరిగి మన పిల్లల లైబ్రరీ దాకా వచ్చిందో చెప్పాలనే ఈ ప్రయత్నం.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. నిషేధం అనగానే మనకు ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిన సంగతి గుర్తొస్తుంది. పుస్తకం అచ్చు వేయకూడదు, అమ్మకూడదు. అమెరికా స్కూళ్లలో జరుగుతున్నది అది కాదు. పుస్తకం దుకాణంలో ఉంటుంది, స్కూలు అలమరలో మాత్రం ఉండదు. ‘కొనుక్కోవచ్చు కదా, ఇందులో నిషేధం ఏముంది’ అనే వాదన ఇక్కడి నుంచే పుట్టింది. నేను దాన్ని ఒప్పుకోలేను. కొనుక్కోగలిగిన ఇంటి పిల్లలకు స్కూలు లైబ్రరీతో పెద్దగా పని ఉండదు. అది ఉన్నదే కొనుక్కోలేని పిల్లల కోసం, ఇంట్లో అడగడానికి జంకే పిల్లల కోసం.

ఇంకో తేడా కూడా ఉంది. మన దగ్గర పాఠ్యపుస్తకాల సంగతి రాష్ట్రమంతటికీ ఒకేచోట తేలుతుంది. అమెరికాలో సుమారు 13,000 స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, అంటే ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను చూసుకునే విభాగాలు. చాలాచోట్ల స్థానికులు ఎన్నుకున్న బోర్డే వాటిని నడుపుతుంది. బోర్డు ఎన్నికల్లో ఓటేసేవాళ్లు తక్కువ. కాబట్టి పట్టుదల ఉన్న చిన్న గుంపు చాలు, బోర్డును మార్చేయగలదు.

1973 నవంబరులో నార్త్ డకోటాలోని డ్రేక్ అనే చిన్న ఊళ్లో కర్ట్ వానెగట్ రాసిన యుద్ధ నవల 32 ప్రతులను స్కూలు కొలిమిలో వేసి కాల్చేశారు. మరుసటి ఏడు వెస్ట్ వర్జీనియాలోని కనావా కౌంటీలో కొత్త పాఠ్యపుస్తకాలు వద్దంటూ తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపడం మానేశారు. బొగ్గు గని కార్మికులు సమ్మెకు దిగారు. స్కూళ్ల మీద బాంబులు పడ్డాయి. కానీ ఇప్పటికీ ప్రతి కోర్టులో వినబడే పేరు ఈ రెండింటిదీ కాదు, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని ఐలండ్ ట్రీస్ డిస్ట్రిక్టుది.

1975 సెప్టెంబరులో అక్కడి బోర్డు సభ్యులు కొందరు ఒక తల్లిదండ్రుల సంఘం సదస్సుకు వెళ్లి, ‘అభ్యంతరకరమైన’ పుస్తకాల జాబితా తెచ్చుకున్నారు. నవంబరు 7 రాత్రి, స్కూల్లో ఒక కార్యక్రమం జరుగుతుండగా, ఇద్దరు సభ్యులు కాపలా మనిషితో లైబ్రరీ తలుపు తీయించి, కార్డు కేటలాగులో ఆ పేర్లు వెతికారు. ఈ దృశ్యం గురించి ఎప్పుడు చదివినా ఆగిపోతాను. ఆ పుస్తకం తీసుకుని బెదిరిపోయిన పిల్లవాడు లేడు, ఫిర్యాదు చేసిన తల్లి లేదు. ముందు జాబితా వచ్చింది, తర్వాత పుస్తకాల వేట మొదలైంది.

దొరికినవి 11. వాటిలో రిచర్డ్ రైట్ ఆత్మకథ ఉంది, లాంగ్‌స్టన్ హ్యూస్ కూర్చిన నల్లజాతి రచయితల కథల సంకలనం ఉంది, డెస్మండ్ మోరిస్ మానవ జంతువు గురించి రాసిన శాస్త్ర గ్రంథం ఉంది. అమెరికాకు వ్యతిరేకం, క్రైస్తవానికి వ్యతిరేకం, యూదులకు వ్యతిరేకం, పచ్చి బూతు అని బోర్డు పత్రికా ప్రకటన ఇచ్చింది. నలుగురు తల్లిదండ్రులు, నలుగురు స్కూలు సిబ్బందితో తానే ఒక సంఘం వేసింది. ఆ సంఘం 5 పుస్తకాలు ఉంచమని, 2 మాత్రం తీసేయమని చెప్పింది, ఒకదాన్ని తల్లిదండ్రుల అనుమతి మీద ఇవ్వమంది, మిగిలిన 3 సంగతి తేల్చలేదు. బోర్డు ఆ సలహా పక్కనపెట్టి ఒక్క పుస్తకాన్ని షరతు లేకుండా, ఇంకొకదాన్ని తల్లిదండ్రుల అనుమతి మీద ఇస్తామంది. మిగిలిన 9 వెళ్లిపోయాయి.

1977 జనవరిలో స్టీవెన్ పికో, మరో నలుగురు విద్యార్థులు కోర్టుకెక్కారు. 1982 జూన్ 25న సుప్రీంకోర్టు తీర్పు 5–4తో విద్యార్థుల వైపు వచ్చింది. పుస్తకంలోని భావాలు నచ్చలేదన్న ఒక్క కారణంతో స్కూల్ బోర్డు దాన్ని లైబ్రరీ నుంచి తీసేయకూడదని జస్టిస్ బ్రెనన్ రాశారు. ఆ ఆగస్టులో పుస్తకాలు తిరిగొచ్చాయి. మొదట్లో వాటిని ఏ పిల్లలు తీసుకున్నా ఇంటికి కబురు పంపేవారు, ఆ నిబంధనా 1983లో పోయింది. అప్పటికి పికో హైస్కూలే కాదు, కాలేజీ చదువు కూడా ముగించాడు.

ఆ తీర్పులో ఒక లోపం ఉంది. ఐదుగురూ ఒకే మాట మీద లేరు. జస్టిస్ వైట్ కేసును కింది కోర్టుకు పంపడానికి మాత్రమే ఒప్పుకుని, రాజ్యాంగ ప్రశ్న జోలికి వెళ్లలేదు. బ్రెనన్ మాటకు పూర్తి మెజారిటీ బలం రాలేదు. నలభై ఏళ్ల తర్వాత పుస్తకాలు తీసేసేవాళ్లకు ఆ లోపమే తలుపు తెరిచింది. అదే 1982లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌కు చెందిన జూడిత్ క్రూగ్ చొరవతో నిషిద్ధ పుస్తకాల వారోత్సవం మొదలైంది. తర్వాత చాలాకాలం గొడవలు ఎక్కడికక్కడే జరిగి ముగిసేవి. ఒక తల్లి, ఒక పుస్తకం, ఒక స్కూలు.

2020 తర్వాత అది మారింది. పెన్సిల్వేనియాలోని సెంట్రల్ యార్క్ డిస్ట్రిక్టులో బోర్డు ఆపేసిన జాబితాలో రోసా పార్క్స్, మార్టిన్ లూథర్ కింగ్, మలాలా గురించిన పిల్లల పుస్తకాలున్నాయి. రేష్మా సౌజాని స్థాపించిన సంస్థ ఆడపిల్లలకు కోడింగ్ మీద ఆసక్తి కలిగించడానికి తెచ్చిన కథల పుస్తకాలూ ఉన్నాయి. విద్యార్థులు ప్రతి ఉదయం స్కూలు బయట ప్లకార్డులతో నిలబడ్డారు. 2021 సెప్టెంబరులో బోర్డు వెనక్కి తగ్గింది. మరుసటి నెలలోనే టెక్సాస్ శాసనసభ్యుడు మ్యాట్ క్రాస్ సుమారు 850 పుస్తకాల పేర్లు పంపి, ఇవి మీ దగ్గర ఎన్ని ఉన్నాయో చెప్పండని డిస్ట్రిక్టులను అడిగారు. 1975లో కొందరు బోర్డు సభ్యులు వెంట తెచ్చుకున్న జాబితా ఇప్పుడు ప్రభుత్వ లేఖగా రాసాగింది.

రచయితల హక్కుల సంస్థ పెన్ అమెరికా లెక్క ప్రకారం 2021–22 విద్యా సంవత్సరంలో పుస్తకాన్ని తీసేసిన, లేదా పిల్లలకు అందకుండా ఆపిన సందర్భాలు 2,532. 2023–24లో 10,046. ఇంతమంది తల్లిదండ్రులు ఒక్కసారిగా కంగారుపడ్డారా? వాషింగ్టన్ పోస్ట్ 2021–22 నాటి ఫిర్యాదులు వెయ్యికి పైగా తీసి చూస్తే, వాటిలో 60 శాతం 11 మందే వేశారని తేలింది. యూటాలో 2024 నాటి చట్టం ప్రకారం మూడు డిస్ట్రిక్టులు ఒక పుస్తకాన్ని అభ్యంతరకరమని తీసేస్తే రాష్ట్రంలోని ప్రభుత్వ స్కూళ్లన్నీ తీసేయాలి. నాలుగో ఊరివాళ్ల అభిప్రాయంతో పనే లేదు. స్థానికుల హక్కు అంటూ మొదలైన వాదన ఇంతదూరం వచ్చింది.

ఇక ఫోర్సైత్ సంగతి. ఈ కౌంటీ నుంచి 1912లో సుమారు 1,100 మంది నల్లవాళ్లను హింసించి తరిమేశారు. 1987లో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో ఊరేగింపుగా వచ్చినవాళ్ల మీద రాళ్లు పడ్డాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు మనవాళ్లు వచ్చి ఇళ్లు కట్టుకున్న నేల ఇదే.

2022లో అక్కడ కొందరు తల్లులు బోర్డు సమావేశాల్లో లైబ్రరీ పుస్తకాల్లోని అసభ్య భాగాలను పైకి చదవబోతే బోర్డు అడ్డుకుంది. వాళ్లు కోర్టుకెళ్లి నెగ్గారు. ఆ తీర్పు సరైనదే అని నా అభిప్రాయం. బోర్డు ముందు వాళ్ల నోరు నొక్కకూడదు. వాళ్లను కాపాడింది వాక్ స్వాతంత్ర్యానికి హామీ ఇచ్చే రాజ్యాంగ మొదటి సవరణ. అదే సవరణ అలమరలోని పుస్తకానికీ రక్షణ కావాలన్నదే పికో కేసు వాదన. తన బిడ్డ ఏం చదవాలో చెప్పే హక్కు ఆ తల్లికి ఉంది, పక్కింటి బిడ్డ గురించి చెప్పే హక్కు లేదు.

2023 మేలో కేంద్ర విద్యాశాఖ పౌరహక్కుల విభాగం ఫోర్సైత్ డిస్ట్రిక్టు మీద విచారణ ముగించింది. లైంగిక వర్ణనల కోసమే వెతికామని డిస్ట్రిక్టు చెప్పినా, శ్వేతేతరుల, ఎల్‌జీబీటీ వ్యక్తుల పుస్తకాలను ఏరేస్తున్నారన్న భావన సమావేశాల్లోని మాటల వల్ల పిల్లల్లో కలిగిందని, స్కూలు వాతావరణం వాళ్లకు ప్రతికూలంగా మారి ఉండవచ్చని రాసింది. విద్యార్థులకు వివరణ ఇవ్వడానికి, వాతావరణం మీద సర్వే చేయడానికి డిస్ట్రిక్టు ఒప్పుకుంది. ‘శ్వేతేతరుల’ అన్నచోట మన పిల్లలూ ఉన్నారు. 2025 జనవరిలో ప్రభుత్వం మారగానే అదే శాఖ ఇదంతా బూటకమని ప్రకటించి, పెండింగులో ఉన్న పుస్తకాల ఫిర్యాదులన్నీ కొట్టేసింది.

కోర్టుల దారీ ఇరుకవుతోంది. టెక్సాస్‌లోని లానో కౌంటీ పబ్లిక్ లైబ్రరీ నుంచి 17 పుస్తకాలు తీసేసిన కేసులో, సమాచారం అందుకునే హక్కు పేరుతో పౌరులు ఆ నిర్ణయాన్ని సవాలు చేయలేరని ఐదో సర్క్యూట్ కోర్టు 2025 మేలో 10–7తో చెప్పింది. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును చేపట్టలేదు. ఐదో సర్క్యూట్ పరిధిలోని టెక్సాస్, లూసియానా, మిసిసిపీలలో ఇవాళ మరో పికో కోర్టు మెట్లెక్కినా నిలబడటం కష్టం.

మిగిలింది బోర్డు సమావేశం. 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన టెక్సాస్ చట్టం స్కూలు లైబ్రరీలోకి వచ్చే ప్రతి కొత్త పుస్తకానికీ బోర్డు ఆమోదం తప్పనిసరి చేసింది. కొనబోయే పుస్తకాల పేర్లు 30 రోజుల ముందే అందరికీ కనబడేలా పెట్టాలి. ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఉన్న మనవాళ్లూ ఆ జాబితా తెరిచి చూడొచ్చు.