డెలావేర్ నది తగాదా: అసలు మెలిక 1659లో పడింది

డెలావేర్ నదిలో ఎవరి హద్దు ఎక్కడిదాకా అన్న వాదన లేచినప్పుడల్లా అందరూ 2008 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు దగ్గరే ఆగిపోతారు. నదికి ఒక ఒడ్డున న్యూజెర్సీ రాష్ట్రం, ఎదుటి ఒడ్డున డెలావేర్ రాష్ట్రం. న్యూజెర్సీ ఒడ్డున గ్యాస్ టెర్మినల్ కడదామనుకుంటే దాని జెట్టీ నదిలోకి వస్తోందని డెలావేర్ అడ్డుపడింది, కోర్టూ అటే మొగ్గింది. మా ఒడ్డు మీద మీ పెత్తనమేంటని న్యూజెర్సీ గోల. సరే, కానీ డెలావేర్ అసలు విడిగా ఎందుకుందో చూడాలి కదా.

అందుకు అగస్టీన్ హెర్మన్ దగ్గరికి వెళ్లాలి. బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశం) పుట్టి, డచ్చివాళ్ల వలస పట్టణం న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో (ఇప్పటి న్యూయార్క్) పొగాకు, బానిసల వ్యాపారం చేసినవాడు. మిగతా పుట్టుపూర్వోత్తరాలు వదిలేద్దాం. 1659లో పక్కనున్న ఇంగ్లీషు వలస మేరీలాండ్ వాళ్లు ఇప్పటి డెలావేర్ తీరం మాది, ఖాళీ చేయండని డచ్చివాళ్లను బెదిరిస్తే, డచ్చి గవర్నర్ స్టైవెసాంట్ ఇతన్నీ రిజాల్వ్డ్ వాల్డ్రన్‌నీ రాయబారానికి పంపాడు. మేరీలాండ్ వాళ్లు 1632లో ఇంగ్లండ్ రాజు తమ వలస యజమాని బాల్టిమోర్ ప్రభువుకిచ్చిన సనదు చూపించారు. హెర్మన్ అందులోనే లొసుగు పట్టాడు: ఇందులో ఇచ్చింది అప్పటిదాకా సాగులో లేని నేల మాత్రమే, మేం 1631లోనే ఇప్పటి లూయిస్ దగ్గర ఊరు పెట్టాం, ఇక అది మీదెలా అవుతుంది? ఆ ఊరిని ఆదివాసీలు ఎక్కువ రోజులు నిలవనివ్వలేదనుకోండి. అక్కడ ఎప్పటినుంచో మొక్కజొన్న పండిస్తున్న లెనాపీ ఆదివాసీల సాగు మాత్రం ఇద్దరికీ కనిపించలేదు.

మేరీలాండ్ అప్పుడు ఒప్పుకోలేదు. తర్వాత పెన్సిల్వేనియా వలస పెట్టిన విలియం పెన్‌కీ బాల్టిమోర్‌కీ ఈ నేల మీద తగువు ముదిరి, 1685లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (రాజు సలహా మండలి) దాదాపు ఇదే కారణం చెప్పి డెలావేర్ బాల్టిమోర్‌ది కాదని తేల్చింది.

తమాషా ఏంటంటే, అప్పటికే హెర్మన్ బాల్టిమోర్ మనిషి. మ్యాపు గీసిస్తాను, భూమి ఇవ్వండని బేరమాడుకుని 1660ల్లో మేరీలాండ్‌లో బొహీమియా మేనర్ అనే జాగీరు సంపాదించాడు, అది పెరిగి 20,000 ఎకరాలు దాటింది. ఏళ్ల తరబడి తిరిగి గీసిన వర్జీనియా, మేరీలాండ్ మ్యాపు 1673లో లండన్‌లో అచ్చయింది. అంత మేలు చేసినా, బాల్టిమోర్‌ను దెబ్బ కొట్టింది మాత్రం ఇతని పాత వాదనే.

ఇక నది సంగతి. 1682లో ఇంగ్లండ్ రాజు తమ్ముడు డ్యూక్ ఆఫ్ యార్క్, ఇప్పటి డెలావేర్‌లోని న్యూకాజిల్ పట్టణం చుట్టూ 12 మైళ్ల వలయాన్ని పెన్‌కు రాసిచ్చాడు. ఆ వలయంలో అవతలి ఒడ్డున నీరు తగ్గినప్పటి గీత దాకా డెలావేర్‌దేనని 1934లో కోర్టు చెప్పేసింది. 2008లో న్యూజెర్సీ, నది గురించి రెండు రాష్ట్రాలూ చేసుకున్న 1905 నాటి ఒప్పందాన్ని నమ్ముకుంది, ఓడిపోయింది.