తిరుమల మీద విమానం: నంబరు చెప్పేదెంత, చెప్పనిదెంత

తిరుమల ఆలయం మీదుగా విమానం వెళ్లిందంటూ మళ్లీ వీడియోలు తిరుగుతున్నాయి. ఆలయం మీదుగా ఏదీ ఎగరకూడదని ఆగమ శాస్త్రం అంటుందని, తిరుమలను నో ఫ్లై జోన్ (విమానాలు ఎగరకూడని ప్రాంతం) చేయమని టీటీడీ కేంద్రాన్ని కోరుతోందని తిరుపతిలో ఎవరినడిగినా చెబుతారు. 2025 మార్చిలో టీటీడీ చైర్మన్ బీఆర్ నాయుడు కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడికి రాసిన లేఖ కూడా ఆ వరసలోదే. ఇప్పుడు కొత్తగా తోడైంది వీడియో కింద కనిపిస్తున్న 'వీటీ'తో మొదలయ్యే ఐదక్షరాలు, అంటే ఆ విమానం రిజిస్ట్రేషన్ నంబరు. దొంగ దొరికాడన్నట్టు వాటికి ఎర్ర గీత కూడా గీస్తున్నారు.

ఒకప్పుడు ఆ నంబరు విమానం ఒంటి మీద పెయింటు మాత్రమే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పక్కలా తోకా మీద కనీసం 30 సెంటీమీటర్లు, రెక్క కింద కనీసం 50 సెంటీమీటర్ల ఎత్తున అక్షరాలు రాయాలి. మాడ వీధిలో నిలబడి తలెత్తి చూస్తే అవి కనపడవు. కాబట్టి ఏదో విమానం వెళ్లిందని ఫిర్యాదు చేయడం, విచారిస్తామని అధికారులు అనడం, అంతటితో సరి.

పరిస్థితి మారింది రేడియోతో. ప్రతి రిజిస్ట్రేషన్‌కీ ముడిపడి 24 బిట్ల కోడ్ ఒకటి ఉంటుంది, అది విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే రేడియో పరికరంలో ఉంటుంది. ఇప్పటి ప్రయాణికుల విమానాలు ఆ కోడ్‌తో పాటు తామెక్కడున్నాయో, ఎంత ఎత్తులో ఉన్నాయో తామే సెకను సెకనుకూ ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతానికి తాళం లేదు. మేడ మీద చిన్న యాంటెనా పెట్టుకున్న ఎవరైనా పట్టుకోవచ్చు. విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24 2006లో స్వీడన్‌లో మొదలై, 2009లో ఇలాంటి రిసీవర్లున్న ఎవరినైనా తమతో కలవనిచ్చింది. 2014 మార్చిలో మలేసియా విమానం ఎంహెచ్370 మాయమయ్యాక ఈ యాప్‌ల సంగతి మామూలు జనానికీ తెలిసింది. ఆ మరుసటి ఏడే రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ తెరిచారు. ఇటు విమానాలు పెరిగాయి, అటు వాటి పేర్లు జనం చేతికొచ్చాయి. నన్నడిగితే ఇప్పటి గొడవకు అసలు మూలం ఈ కలయికే.

మరి ఆ నంబరు ఎవరిస్తారు? ఎయిర్‌లైన్స్ అనుకుంటాం గానీ ఇచ్చేది ఢిల్లీలోని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. వీటీ దేశానికి గుర్తు. తర్వాతి మూడక్షరాల్లో కంపెనీలు తమకు నచ్చినవి అడుగుతాయి, ఆర్టీఏ ఆఫీసులో ఫ్యాన్సీ నంబరు అడిగినట్టు. ఇండిగో ఎక్కువగా 'ఐ'తో మొదలయ్యేవి తీసుకుంటుంది. కింగ్‌ఫిషర్ 'కేఎఫ్' వాడుకుంది, విజయ్ మాల్యా సొంత ఎయిర్‌బస్‌కైతే ఏకంగా 'వీజేఎం'. ఈ నంబరు కూడా శాశ్వతం కాదు. గో ఫస్ట్ విమానయాన సంస్థ మూతపడ్డాక, 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ సంస్థ నడిపిన 54 అద్దె విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమంది. అలాంటి విమానం మరో దేశానికి వెళ్తే పేరూ కోడూ రెండూ మారతాయి.

కంపెనీ కంట్రోల్ రూమ్‌కు ఈ నంబరు కావలసింది మరో పనికి. ఏ విమానం ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది, సర్వీసింగ్ ఎప్పుడన్నది దాని మీదే లెక్క. ఏ ఫ్లైట్‌కు ఏ విమానం పంపాలో ముందుగా వేసుకుంటారు, ఎక్కడైనా సాంకేతిక లోపం వస్తే ఆఖరి నిమిషంలోనూ మార్చేస్తారు. పొద్దున హైదరాబాద్ నుంచి రేణిగుంటకు వచ్చినది సాయంత్రానికి ఇంకే ఊళ్లోనో ఉంటుంది. విమానాలకు దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) కూడా రెగ్యులర్ సర్వీసును ఫ్లైట్ నంబరుతోనే పిలుస్తుంది గానీ వీటీ అక్షరాలతో కాదు.

ఇక దారి సంగతి. కంట్రోలర్ల వైపు నుంచి చూడాల్సిందిక్కడ. రేణిగుంట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటికి లేస్తే శేషాచలం కొండలు కుడిచేతి వైపున వస్తాయి. తిరుమల అక్కడికి గాలిలో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, విమానానికి అది నిమిషాల పని. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగా దిగాలి. గాలి మారితే దిశ మారుతుంది. వర్షాకాలం మబ్బు అడ్డమొస్తే పైలట్ పక్కకు తిరుగుతానని అడుగుతాడు, కంట్రోలర్ వీలుంటే సరేనంటాడు. పక్కనే విమానాశ్రయం ఉండగా నో ఫ్లై జోన్ కష్టమన్నది ఢిల్లీ నుంచి వినిపిస్తూ వచ్చిన మాట. దాన్ని సాకుగా కొట్టిపారేయలేం.

డ్రోన్ విషయం వేరు. 2023 జనవరిలో ఆలయాన్ని పైనుంచి తీసిన వీడియో బయటికొచ్చినప్పుడు టీటీడీ పోలీసు కేసు దాకా వెళ్లింది. 2021 నాటి డ్రోన్ నిబంధనల్లో ప్రతి డ్రోన్‌కూ విడిగా ఒక నంబరు ఉండాలి, అక్కడ ఎగరేసినవాడే బాధ్యుడు. విమానానికి ఆ లెక్క వర్తించదు. వీటీ నంబరు ఏ విమానమో చెబుతుంది, ఆ దారి ఎవరు ఇచ్చారో చెప్పదు. అది ఏటీసీ రికార్డుల్లో ఉంటుంది. ఫలానా రోజు ఫలానా విమానం అటెందుకు వెళ్లిందో ఆ రికార్డు చూసి రెండు ముక్కల్లో చెప్పేస్తే సగం టెన్షన్ తగ్గేది. అది చేయకుండా ప్రతిసారీ పొడి ప్రకటనలు ఇవ్వడం అధికారుల తప్పే.

యాప్ స్క్రీన్‌షాట్లు పంచుకునేవాళ్లు ఒకటి గమనించాలి. అందులో కనిపించే ఎత్తు సముద్ర మట్టం లెక్కన ఉంటుంది. తిరుమల దానికి సుమారు 850 మీటర్లు, అంటే 2,800 అడుగుల పైన ఉంది. ఆరు వేల అడుగులని యాప్ చూపిస్తే కొండ మీద నిలబడ్డవాళ్లకు అది మూడు వేల చిల్లరే.