పత్రికా ప్రకటన, ప్రూఫు, సొంత కథ: అపోహలు - వాస్తవాలు

అపోహ: రోజంతా రాసే ఉద్యోగమే కాబట్టి ఇంటికి వచ్చి కథ రాయడం సులువు.

వాస్తవం: పగలు ఆఫీసులో పత్రికా ప్రకటనలు రాస్తాను, మిగతా వేళల్లో ఒక పత్రికకు సంపాదకత్వం చేస్తూ సొంత కథలు రాసుకుంటాను. నాకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. సంస్థ తరఫున పంపే ప్రకటనలో ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవన్నీ మొదటి పేరాలోనే తేలిపోవాలి. చోటు చాలక పత్రిక డెస్కులో చివరి పేరాలు కోసేసినా వార్త నిలబడాలి. కథ నడక ఇందుకు విరుద్ధం, అక్కడ చాలాసార్లు చెప్పకుండా ఉంచినదే పాఠకుణ్ణి పట్టి నిలుపుతుంది. పగలంతా ఒక తీరుకు అలవాటుపడిన చేయి రాత్రి తొమ్మిదింటికి మారిపోదు. ఒకసారి నా కథలో, కొడుకు ఉత్తరం చదివిన తండ్రి ‘తీవ్ర ఆవేదన వ్యక్తం చేశాడు’ అని రాశాను. నాలుగో రోజు రాతప్రతి తిరగేస్తుంటే ఆ మాట కంటబడింది. దాన్ని కొట్టేసి ‘ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీసి చూసుకున్నాడు’ అన్న వాక్యానికి చేరడానికి మరో రెండు రాత్రులు పట్టాయి. ఇప్పుడు సొంత రచనకు తెల్లవారుజామునే కూర్చుంటున్నాను, ఆఫీసు భాష చెవిన పడకముందే.

అపోహ: సంపాదకుడి పని మంచి రచనలను ఎంచడమే.

వాస్తవం: ఎంపికకు పట్టే సమయం తక్కువ. ‘అను’ అనే పాత తెలుగు అచ్చు ఫాంట్లలో వచ్చిన కథను, ఇప్పుడు అన్ని యంత్రాల్లోనూ కనబడే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు, పొల్లులు చెదిరిపోతాయి కాబట్టి ప్రతి వాక్యాన్నీ మూలంతో సరిచూడాలి. ఒక్క దీర్ఘం జారితే ‘కాలం’ ‘కలం’ అవుతుంది. రెండూ మాటలే కనుక మామూలు స్పెల్ చెకర్ పట్టుకోదు. అంతకంటే పెద్ద జాగ్రత్త మరొకటి ఉంది. ఆఫీసులో అందరి రాతనూ ఒకే మూసలోకి తెచ్చే నేను, ఉత్తరాంధ్ర కథలోని ‘ఒగ్గేసినాడు’ను ‘వదిలేశాడు’ అని దిద్దకూడదు. తిప్పి పంపే రచనకు ఎందుకో రెండు వాక్యాలైనా రాయడం నా బాధ్యతగా భావిస్తాను.

అపోహ: పూర్వపు రచయితలకు ఈ పెనుగులాట లేదు.

వాస్తవం: కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించి, ఆంధ్రపత్రికను నడుపుతూనే 1924లో ‘భారతి’ మాసపత్రికను స్థాపించారు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు ‘చందమామ’ పని చూస్తూనే కథలు, నవలలు, వ్యాసాలు రాశారు. పిల్లల కోసం దిద్దిన ఆ వచనం వేరు, సొంత కథల్లోని వచనం వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం నాకు పెద్ద పాఠం.

అపోహ: ఉద్యోగంలోని పరిచయాలు పత్రికకు కలిసివస్తాయి.

వాస్తవం: వాటిని వాడుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. నా కథలను నా పత్రికలో వేయను, ఆఫీసు ఖాతాదారులను ప్రకటనలు అడగను. తెలిసినవారి రచన వస్తే పేరు తీసేసి సహసంపాదకురాలికి పంపుతాను, ఆమె వద్దంటే వద్దనే రాస్తాను. అలా తిప్పి పంపిన ఒక కథ రచయిత తర్వాతి సోమవారం ఆఫీసు సమావేశంలో నా ఎదుటే కూర్చున్నారు. సమావేశం ముగిశాక టీ తాగుతూ ఆ కథ రెండో పేజీ గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.