పసుపు మాత్ర, నోటి పూత

మా మేనత్తకు కీళ్లవాతం. ఆమె మందుల డబ్బాలో రెండు రకాల పసుపు మాత్రలుంటాయి. రెండూ చిన్నవే, గుండ్రటివే. అరచేతిలో పోసుకుంటే చూపు మందగించిన కళ్లకు ఏది ఏదో తెలియదు. ఒకటి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్. పొరపాటున ఒకటి ఎక్కువ మింగినా భయపడనక్కరలేదు. రెండోది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన ఆ మాత్రను రోజూ వేసుకుంటే ప్రాణాలే పోవచ్చు.

మొదటిసారి మందులు తెచ్చుకున్నప్పుడు దుకాణం వాళ్లు కాగితపు కవరు మీద రెండింటికీ ఒకేలా రాశారు: రాత్రి ఒకటి. చీటీలో డాక్టరు వారానికి ఒకసారి అనే రాశారు, కాకపోతే ఇంగ్లీషులో. అత్తయ్యకు ఇంగ్లీషు రాదు. ఆమె ఒక్క మాత్ర వేసుకున్నాక, మర్నాడు కవరూ చీటీ పక్కపక్కన పెట్టి చూడబట్టి సరిపోయింది. ఆ కవరు తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

ఈ మందు పుట్టుకలో తెలుగువాడి పాత్ర ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది ఆయన బృందమే. దాన్ని పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, ఫలితాలను 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కు పెద్ద మోతాదుల్లో వాడే ఈ మందు, వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మోతాదులో కీళ్లవాతాన్ని అదుపులో పెడుతుంది.

కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని శరీరానికి పనికొచ్చేలా మార్చే ఎంజైమ్‌ను మెథోట్రెక్సేట్ కట్టేస్తుంది. వారానికొకసారి అయితే కణాలు మధ్యలో తేరుకుంటాయి. రోజూ పడితే ఆ వ్యవధి దొరకదు. ఎక్కడ కణాలు వేగంగా పుడుతుంటాయో అక్కడే ముందు దెబ్బ తగులుతుంది: నోటి లోపలి పొర, పేగులు, ఎముకల్లోని మూలుగ.

అందుకే నోటి పూతను నేను అంతగా పట్టించుకోమంటాను. మన ఇళ్లలో నోరు పూస్తే వేడి చేసిందంటాం. మజ్జిగ తాగిస్తాం, సబ్జా గింజలు నానబెడతాం, బి కాంప్లెక్స్ మాత్ర తెప్పిస్తాం. మామూలు పూతకు అది సరే. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి నోరు పూసి అన్నం కూడా తినలేకపోతుంటే, లోపల మూలుగ కూడా దెబ్బతింటూ ఉండవచ్చు. తెల్ల రక్తకణాలు తగ్గితే జ్వరం, గొంతు నొప్పి వస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, దెబ్బ తగలకుండానే చర్మం కమిలిపోతుంది. ఇవి కనిపించినా, పొడిదగ్గుతో ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా తర్వాతి మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మాత్రలు ఎక్కువ పడ్డాయని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడనే కూడదు. దీనికి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఉంది. మెథోట్రెక్సేట్ కట్టేసిన ఎంజైమ్‌తో దానికి పనిలేదు, అడ్డంకిని దాటుకుని నేరుగా కణానికి అందుతుంది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఫోలినిక్, ఫోలిక్ ఒకటి కావు. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ నాలుగు మింగితే విరుగుడు కాదు.

సరైన మోతాదులో వాడుతున్నా ప్రమాదం రావచ్చు. ఈ మందు ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా, డాక్టరుకు చెప్పకుండా నొప్పి మాత్రలు కొని మింగుతున్నా అది రక్తంలో పేరుకుపోతుంది. మూత్రంలో మంటకు ఇచ్చే కో ట్రైమాక్సజోల్ మరీ ప్రమాదం, అది కూడా ఫోలిక్ యాసిడ్ పనికే అడ్డుపడుతుంది. జ్వరానికని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు మెథోట్రెక్సేట్ పేరు చెప్పాలి. గర్భిణులు దీన్ని వాడకూడదు, బిడ్డ కావాలనుకునేవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

రోజూ వేసుకునే పొరపాటు మన ఊళ్లలోనే కాదు, చదువుకున్న దేశాల్లోనూ జరుగుతోంది. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2019లో దీనిపై ప్రత్యేక జాగ్రత్తలు సూచించింది. మన దేశంలో మందుల దుష్ప్రభావాలను రోగులు కూడా నేరుగా 1800 180 3024కు ఫోను చేసి తెలియజేయవచ్చు.

అత్తయ్యకు శనివారం వెంకన్న గుడికి వెళ్లే అలవాటు. డాక్టరును అడిగి ఆ రోజునే ఖాయం చేసుకున్నాం. మెథోట్రెక్సేట్ షీటుకు ఎర్ర దారం చుట్టి, ‘శనివారం మాత్రమే’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి వేరే డబ్బాలో పెట్టాను. గుడి నుంచి వచ్చి భోంచేశాక వేసుకుని, క్యాలెండరులో ఆ గడిలో చుక్క పెడుతుంది. డాక్టరు చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితాన్ని క్యాలెండరు మేకుకే గుచ్చుతుంది.